సగం గేమ్‌ని చేతిలో పెట్టిన వాళ్ల చరిత్ర

ఈ ఎపిసోడ్ గేమ్స్ గురించి. కానీ ఏ గేమ్ బెస్టు, ఏ ఫోన్‌లో ఎన్ని ఎఫ్‌పీఎస్ వస్తాయి, అది కాదు. ఇంకా పూర్తి కాని గేమ్‌ని తీసుకెళ్లి వేరేవాళ్ల చేతిలో పెట్టి, "ఆడి చూడు" అనడం ఉంది కదా, ఆ పనికి అరవై ఏళ్లు దాటిన చరిత్ర ఉంది. ఈరోజు అది చెప్పుకుందాం.

మన దగ్గర గేమ్ చేస్తున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు చాలామందే ఉన్నారు. ఎవర్ని అడిగినా దాదాపు ఒకటే మాట: "ఇంకా కాలేదన్నా, అయ్యాక చూపిస్తా." ఏడాది తర్వాత అడిగినా అదే మాట. బీటెక్ అయిపోతుంది, జాబ్ వస్తుంది, లాప్‌టాప్ మారుతుంది, గేమ్ పాత హార్డ్ డిస్క్‌లో ఉండిపోతుంది. అయ్యాక చూపిద్దాం అనుకున్నది అవ్వనే అవ్వదు.

మాది కాజీపల్లి. సంగారెడ్డి జిల్లా, పటాన్‌చెరు, బొల్లారం, గడ్డపోతారం ఈ బెల్టు. చుట్టూ మందుల ఫ్యాక్టరీలే. ఇక్కడ డ్యూటీ చేసే ఎవర్నయినా అడగండి, కొత్త మందు నేరుగా పెద్ద రియాక్టర్‌లోకి పోదు. ముందు ల్యాబ్‌లో గ్రాముల్లో చేస్తారు. తర్వాత పైలట్ ప్లాంట్‌లో కిలోల్లో. ఆ తర్వాత ట్రయల్ బ్యాచ్. ట్రయల్ బ్యాచ్ చెడిపోతే కెమిస్టు సిగ్గుతో ఇంటికి పోడు, రీడింగులు రాసుకుంటాడు. చెడిపోతే ఎక్కడ చెడిపోతుందో తెలుసుకోవడానికే ఆ బ్యాచ్ వేసింది. గేమ్స్ చరిత్ర చూస్తే పెద్ద పెద్ద పేర్లన్నీ ఇట్లాగే ట్రయల్ బ్యాచ్‌లుగా మొదలయ్యాయి.

మొదటి నుంచి చూద్దాం. 1962. అమెరికాలో ఎంఐటీ. అక్కడ పీడీపీ-1 అనే కంప్యూటర్ ఉంది. దాని ధర అప్పట్లో సుమారు 1,20,000 డాలర్లు. స్టీవ్ రసెల్ అనే కుర్రాడు దానిమీద స్పేస్‌వార్ అనే గేమ్ రాశాడు. తెరమీద రెండు ఓడలు, ఒకదాన్నొకటి కాల్చుకుంటాయి. మొదటి వెర్షన్‌లో అంతే. వెనక ఆకాశంలో చుక్కలు ఉన్నాయి గానీ అవి ఎక్కడపడితే అక్కడ చల్లినట్టు ఉండేవి.

రసెల్ దాన్ని దాచుకోలేదు. ల్యాబ్‌లో ఉన్న దోస్తులందరూ ఆడారు. పీటర్ శాంసన్‌కి ఆ చుక్కలు నచ్చలేదు. ఊరికే నచ్చలేదని ఊరుకోకుండా, నిజమైన నక్షత్రాల మ్యాపు చూసి ఆకాశాన్ని మళ్లీ రాశాడు. డాన్ ఎడ్వర్డ్స్‌కి ఆట చప్పగా అనిపించింది. మధ్యలో ఒక సూర్యుణ్ణి పెట్టి, ఓడల్ని లాగే గురుత్వాకర్షణ కలిపాడు. మార్టిన్ గ్రేట్జ్ హైపర్‌స్పేస్ పెట్టాడు, అంటే చావు దగ్గరికొచ్చినప్పుడు మాయమై ఇంకెక్కడో తేలే బటన్. కంప్యూటర్ మీదున్న స్విచ్‌లతో ఆడితే చేతులు నొప్పి పుడుతున్నాయని అలాన్ కోటాక్, బాబ్ సాండర్స్ విడిగా కంట్రోల్ బాక్సులు తయారు చేశారు. ఈరోజు మనం గేమ్‌ప్యాడ్ అంటున్నదానికి తాత అదే.

ఇక్కడ ఒకటి గమనించండి. నక్షత్రాలు, గురుత్వాకర్షణ, హైపర్‌స్పేస్, కంట్రోలర్. స్పేస్‌వార్ అనగానే గుర్తొచ్చేవన్నీ ఆడినవాళ్లు కలిపినవే. రసెల్ "అయ్యాక చూపిస్తా" అని కూర్చుంటే రెండు ఓడలు మాత్రమే మిగిలేవి.

ఇంకో పదిహేనేళ్లు ముందుకు పోదాం. విల్ క్రౌథర్ అనే ప్రోగ్రామర్ ఉండేవాడు. ఆయనకి గుహల్లోకి దిగి తిరగడం పిచ్చి. కెంటకీలోని మామత్ గుహల్ని కొలిచి మ్యాపులు గీసిన వాళ్లలో ఒకడు. విడాకులయ్యాక పిల్లలు దూరమయ్యారు. వాళ్లతో ఆడుకోవడానికి ఆ గుహల్నే అక్షరాల్లో ఒక గేమ్‌గా రాశాడు. బొమ్మలుండవు. "పడమరకి వెళ్లు" అని టైప్ చేస్తే ఎక్కడికొచ్చావో మాటల్లో చెప్తుంది. అదే అడ్వెంచర్. కొంత రాసి వదిలేశాడు.

ఆ సగం గేమ్ నెట్‌వర్క్‌లో ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి తిరుగుతూ స్టాన్‌ఫర్డ్ చేరింది. డాన్ వుడ్స్ అనే స్టూడెంట్ ఆడాడు. నచ్చింది, లోపాలూ కనిపించాయి. రాసినాయన పేరు క్రౌథర్ అని తెలుసు, ఎక్కడుంటాడో తెలీదు. ఏం చేశాడో తెలుసా? అప్పటి ఇంటర్నెట్ అంటే ఆర్పానెట్. దాన్లో ఉన్న కంప్యూటర్లన్నిటికీ, ఒక్కోదానికి, క్రౌథర్ అనే పేరు మీద మెయిల్ పంపాడు. జవాబు వచ్చింది. పర్మిషన్ తీసుకుని 1977లో గేమ్‌ని పెంచి బయటికి వదిలాడు. సాహసాల గేమ్స్ అన్నిటికీ ఆ పేరు వచ్చింది ఈ గేమ్ నుంచే. ఒకరు వదిలేసిన చోటు నుంచి ఇంకొకరు ఎత్తుకున్నారు. అది బయట తిరుగుతూ ఉండబట్టే కదా ఎత్తుకోగలిగారు.

ఇప్పుడు మనకి తెలిసిన పేరుకొద్దాం. కౌంటర్ స్ట్రైక్. మన జనరేషన్‌లో నెట్ సెంటర్‌లో గంటకి డబ్బులిచ్చి ఆడనోళ్లు తక్కువ. దీన్ని పెద్ద కంపెనీ మొదలుపెట్టలేదు. మిన్ లీ అనే కెనడా స్టూడెంట్, జెస్ క్లిఫ్ అనే ఇంకో కుర్రాడు, వాల్వ్ కంపెనీ గేమ్ హాఫ్-లైఫ్ మీద మాడ్‌గా చేశారు. మొదటి బీటా 1999 జూన్‌లో వదిలారు. మీకు ఆశ్చర్యం ఏంటంటే, అందులో బాంబ్ లేదు. బందీల్ని విడిపించడమే ఉంది. బాంబ్ పెట్టడం, డిఫ్యూజ్ చేయడం కొన్ని నెలల తర్వాత నాలుగో బీటాలో వచ్చింది. అంటే డస్ట్‌లో బాంబ్ మోసుకుని పరిగెత్తిన మన చిన్ననాటి మొత్తం, మొదటి వెర్షన్‌లో లేనే లేదు. నెలకో రెండు నెలలకో ఒక బీటా, ఆడినవాళ్ల అరుపులు, మళ్లీ మార్పులు. చివరికి వాల్వ్ వాళ్లని పిలిచి పని ఇచ్చింది. 2000 నవంబర్‌లో అది పెట్టెలో అమ్మే గేమ్ అయింది.

సరే, ఆడినవాళ్లు చెప్పిందల్లా వినాలా? ఈ ప్రశ్నకి నాకు తెలిసిన బెస్ట్ జవాబు పిల్లుల కథ.

డ్వార్ఫ్ ఫోర్ట్రెస్ అనే గేమ్ ఉంది. టార్న్ ఆడమ్స్, జాక్ ఆడమ్స్ అనే అన్నదమ్ములు చేస్తున్నారు. "చేస్తున్నారు" అనే అంటున్నా, ఎందుకంటే 2006లో మొదటి ఆల్ఫా ఫ్రీగా వదిలారు, ఇంకా అవుతూనే ఉంది. ఏళ్ల తరబడి ఆడేవాళ్లు ఇచ్చిన విరాళాల మీదే బతికారు. బొమ్మలతో స్టీమ్‌లోకి వచ్చింది 2022 డిసెంబర్‌లో. మధ్యలో ఒక అప్‌డేట్‌లో సారాయి కొట్లు పెట్టారు. కొన్నాళ్లకి ఆడేవాళ్ల దగ్గర్నుంచి ఫిర్యాదు వచ్చింది: కొట్ల దగ్గర పిల్లులు వాంతులు చేసుకుని చచ్చిపోతున్నాయి. ఎవరూ చంపట్లేదు. ఏంటిది?

టార్న్ తవ్వుకుంటూ పోయాడు. మరుగుజ్జులు తాగుతూ నేలమీద ఒలకబోస్తున్నారు. పిల్లులు అటు నడిస్తే పాదాలకి అంటుకుంటోంది. పిల్లి తన ఒళ్లు తానే నాక్కుంటుంది కదా, ఆ పని కూడా గేమ్‌లో ఉంది. నాకినప్పుడల్లా ఒక గ్లాసు తాగినట్టు లెక్క పడుతోంది. చిన్న ఒళ్లు, ఎక్కువ మందు. అంతే.

దీన్ని గుర్తుపెట్టుకోండి. ఆడినవాడు "పిల్లులు చస్తున్నాయి" అన్నాడు. అది వంద శాతం నిజం. కానీ ఎందుకు అనేది వాడికి తెలీదు, తెలియాల్సిన పనీ లేదు. పేషెంటు కడుపునొప్పి అంటాడు, రోగం పేరు డాక్టర్ కనుక్కోవాలి. ఆడేవాడు నొప్పి ఎక్కడుందో చెప్పడంలో ఎప్పుడూ కరెక్టే. "గన్ పవర్ పెంచు, పాట మార్చు" అని మందు కూడా వాడే చెప్తే, అది విని ఆలోచించాలి గానీ కళ్లు మూసుకుని పాటించక్కర్లేదు.

ఇక మైన్‌క్రాఫ్ట్. 2009 మేలో మార్కస్ పెర్సన్ మొదటి వెర్షన్ బయట పెట్టాడు. కొన్ని రోజుల పని, అంతే. గడ్డి, రాయి, తవ్వడం, కట్టడం. వచ్చే నెలనుంచే పూర్తి కాని గేమ్‌ని తక్కువ ధరకి అమ్మడం మొదలుపెట్టాడు. ఇప్పుడు కొంటే చవక, తర్వాతి వెర్షన్లన్నీ మీకే అని ముందే చెప్పి అమ్మాడు. "పూర్తయింది" అని వదిలింది 2011 నవంబర్ 18న. అప్పటికే లక్షల మంది ఆడుతున్నారు. 2014లో మైక్రోసాఫ్ట్ 250 కోట్ల డాలర్లకి ఆ కంపెనీని కొనేసింది.

ఇది చూసి అందరికీ దారి కనబడింది. 2013 మార్చిలో స్టీమ్ వాళ్లు ఎర్లీ యాక్సెస్ పెట్టారు. అంటే సగం గేమ్‌ని సగం గేమ్ అని బోర్డు పెట్టి అమ్ముకోవచ్చు. మన పబ్‌జీ కూడా ఆ తలుపులోంచే వచ్చింది. బ్రెండన్ గ్రీన్ మొదట వేరేవాళ్ల గేమ్‌లకి మాడ్‌లు చేసేవాడు. 2017 మార్చిలో పబ్‌జీ ఎర్లీ యాక్సెస్‌లోకి వచ్చింది, డిసెంబర్ 20న పూర్తి వెర్షన్ అన్నారు. మన ఫోన్లలోకి వచ్చింది 2018లో. 2020 సెప్టెంబర్‌లో ఇండియాలో బ్యాన్, 2021 జులైలో బీజీఎంఐగా తిరిగి రావడం, అది మీకు నాకన్నా బాగా తెలుసు.

దీనికి చెడ్డవైపు కూడా ఉంది, దాచకూడదు. డబ్బులు తీసుకుని సగంలో వదిలేసి పోయిన గేమ్స్ ఎర్లీ యాక్సెస్‌లో బోలెడు. ఇంకో రకం, సగం గేమ్‌ని పూర్తి గేమ్ అని అమ్మడం. 2020 డిసెంబర్‌లో సైబర్‌పంక్ 2077 వచ్చినప్పుడు పాత కన్సోళ్లలో ఎంత ఘోరంగా నడిచిందంటే, వారం తిరిగేసరికి సోనీ తన స్టోర్ నుంచి తీసేసి డబ్బులు వాపస్ ఇస్తామంది. మైన్‌క్రాఫ్ట్ కూడా పూర్తి కానిదే, సైబర్‌పంక్ కూడా పూర్తి కానిదే. తేడా ఎక్కడుంది? ఒకరు ముందే చెప్పారు, ఒకరు చెప్పలేదు. ట్రయల్ బ్యాచ్‌కి ట్రయల్ బ్యాచ్ అని లేబుల్ ఉండాలి. ఆ లేబుల్ లేకుండా మార్కెట్‌కి పంపితే ఏమవుతుందో మా ఏరియాలో ఎవరికీ వివరించక్కర్లేదు.

మన దగ్గర సంగతేంటి? హైదరాబాద్‌లో ఓగర్ హెడ్ స్టూడియో అనే చిన్న టీమ్ అసుర అనే గేమ్ చేసింది. మన పురాణాల వాసన ఉన్న యాక్షన్ గేమ్, 2017 మార్చిలో స్టీమ్‌లోకి వచ్చింది. విడుదలతో ఆపకుండా తర్వాత వెంజెన్స్ ఎడిషన్ పేరుతో మార్చి మళ్లీ ఇచ్చారు. ఇక్కడ కూర్చుని చేసిన గేమ్ ప్రపంచం మొత్తం ఆడొచ్చు అనడానికి అదొక ఆధారం.

గేమ్స్ పక్కన పెట్టినా, ఈ పద్ధతి మా పొరుగునే ఉంది. పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఉంది కదా, 1972లో పెట్టారు. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ మీద పరిశోధన. ఒకప్పుడు పద్ధతి ఏంటంటే, సైంటిస్టులు రకం పూర్తిగా తయారు చేసి రైతుకి ఇచ్చేవాళ్లు. కొన్నిసార్లు రైతు తీసుకునేవాడు కాదు. అప్పుడు వరస మార్చారు. ఇంకా ఖరారు కాని రకాల్ని రైతుకే చూపించి, ఏది నచ్చిందో, ఎందుకు నచ్చిందో అడగడం మొదలైంది. ఆఫ్రికాలో నమీబియా దేశానికి వెళ్లిన ఒకషానా 1 అనే సజ్జ రకం అట్లా రైతుల కంట్లో పడిందే. గింజ పెద్దది, తొందరగా కోతకొస్తుంది, వానలు ముందే ఆగిపోయే చోట అదే కావాలి. 1990లో అధికారికంగా విడుదలైంది. సైంటిస్టు దిగుబడి చూస్తాడు, రైతు రొట్టె రుచి, మేత, కోత సమయం అన్నీ చూస్తాడు. ఆడేవాడు కూడా అంతే. మనం కోడ్ చూస్తాం, వాడు తన సాయంత్రం చూసుకుంటాడు.

ఇప్పుడు నా గేమ్ గురించి కొంచెం చెప్తా. పేరు ట్యాంకర్. ఉద్యోగం మానేసి వీడియోలు మొదలుపెట్టిన రోజుల్నుంచి ఖాళీ దొరికినప్పుడల్లా చేస్తున్నా. మీరు ట్యాంకర్ డ్రైవరు. ఫ్యాక్టరీలో మురుగు నింపుకుని, గుంతల రోడ్డు మీద శుద్ధి కేంద్రానికి చేర్చాలి. దారి దూరం, డీజిల్ ఖర్చు, టైమ్ తక్కువ. రాత్రిపూట చెరువు పక్కన వాల్వ్ తిప్పేసి పోవచ్చు, డబ్బులు ఎక్కువ మిగులుతాయి, కానీ చెరువు రంగు మారుతుంది.

ఇది ఊరికే పుట్టిన ఐడియా కాదు. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీల మురుగుని శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లని పరీక్షించారు. లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ ఉంది. అది యాంటీబయాటిక్. మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండే మోతాదు కన్నా ఎక్కువ. 2014లో మా కాజీపల్లి చెరువు మీదే ఒక పేపర్ వచ్చింది. మందులకి లొంగని బ్యాక్టీరియా జన్యువులు ఆ చెరువులో ఎన్ని రకాలున్నాయో అందులో లెక్కగట్టారు. ప్రపంచం మా ఊరి పేరు చదివింది అట్లా.

గేమ్ సగం ఉండగానే, మా దగ్గర వర్కర్లు ఉండే ఒక రూమ్‌కి పట్టుకెళ్లా. శ్రీకాకుళం వాళ్లు, మెదక్ వాళ్లు, ఒడిశా, బిహార్ వాళ్లు, మొత్తం ఏడుగురు. ప్లాంట్ లోపల సాల్వెంట్లు ఉంటాయి కాబట్టి ఫోన్ తీసుకెళ్లనివ్వరు. వాళ్లు ఆడేది కంపెనీ బస్సులో, రాత్రి పడుకునే ముందు. నేను ఏం చెప్పకుండా ఫోన్ ఇచ్చి గోడకానుకుని చూశా. "ఎట్లుంది?" అంటే ఏడుగురూ "సూపర్ అన్నా" అన్నారు. కానీ చేతులు వేరే మాట చెప్పాయి. ఇద్దరు ఒక్క బొటనవేలితోనే ఆడుతున్నారు, ఇంకో చేత్తో బస్సు కడ్డీ పట్టుకోవడం అలవాటు. ఒకరికి ఇంటినుంచి ఫోన్ వచ్చింది, మాట్లాడి వచ్చేసరికి లారీ బోల్తా. ఇంగ్లీష్‌లో రాసిన మాటలు ఎవరూ చదవలేదు, బొమ్మ చూసే నొక్కారు. ఆ రాత్రి నా నోట్‌బుక్‌లో పదకొండు పాయింట్లు. వాటిలో వాళ్ల నోటితో వచ్చింది ఒక్కటీ లేదు.

నోటితో వచ్చిన మాట ఇంకోచోట దొరికింది. ఆ రూమ్ పక్కన టీ కొట్టు కాక ఒకాయన. వాళ్లకి ఆ చెరువు కింద పొలం ఉండేది. పిల్లలు ఆడుతుంటే వెనక నిలబడి చూశాడు. ఒక పిల్లాడు చెరువంతా ఎర్రగా చేసి, ఓడిపోయి, రీస్టార్ట్ కొట్టాడు. నీళ్లు మళ్లీ నీలంగా వచ్చాయి. కాక అడిగాడు, "బిడ్డా, మళ్ల మొదలువెడితే చెరువు తెల్లగైతుందేంది? మాది గట్ల కాలే గదా."

ఆ ఒక్క మాటతో గేమ్ మారింది. ఇప్పుడు రీస్టార్ట్ కొడితే మీ డబ్బులు, డీజిల్, లారీ అన్నీ మొదటికొస్తాయి. చెరువు రాదు. ఎక్కడ వదిలారో ఆ రంగులోనే ఉంటుంది. కోడ్‌లో చూస్తే చిన్న పని, ఒక నంబర్‌ని సేవ్ ఫైల్‌లో దాచడమే. ఆ వెర్షన్ ఆడినవాళ్లలో కొందరికి అస్సలు నచ్చలేదు. "ఇది అన్యాయం అన్నా, ఇంకో ఛాన్స్ ఉండాలి" అన్నాడు ఒకడు. డిలీట్ కూడా చేశాడు. పిల్లుల కథ గుర్తుందా? వాడి నొప్పి నిజం. కానీ ఈ నొప్పికి మందు వేయొద్దని నిర్ణయించుకున్నా, ఎందుకంటే గేమ్ చెప్పాల్సింది ఆ నొప్పే. ఫీడ్‌బ్యాక్ తీసుకోవడం అంటే అందరికీ తల ఊపడం కాదు. ఏ మాట గేమ్‌ని దాని దారిలో ముందుకు తోస్తుంది, ఏది దారి తప్పిస్తుంది అని తేల్చుకోవడం. ఆ తేల్చుకునే పని మనదే, ఇంకెవరూ చేయరు.

మీరు గేమ్ చేస్తుంటే ఒక ప్రాక్టికల్ సంగతి. 2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన పర్సనల్ డెవలపర్ అకౌంట్లకి గూగుల్ ప్లే ఒక రూల్ పెట్టింది. యాప్ అందరికీ విడుదల చేయాలంటే ముందు 20 మంది టెస్టర్లు వరసగా 14 రోజులు క్లోజ్డ్ టెస్ట్‌లో ఉండాలి. 2024 డిసెంబర్‌లో ఆ 20ని 12 చేశారు. చాలామంది దీన్ని తలనొప్పిగా చూసి, డబ్బులిచ్చి ముక్కూమొహం తెలీని 12 అకౌంట్లు కొనుక్కుంటున్నారు. ఆ 12 మందే మీకు దొరికిన పీడీపీ-1 ల్యాబ్. వాళ్లని అద్దెకి తెచ్చుకుంటే నక్షత్రాల గురించి చెప్పే శాంసన్ అందులో ఉండడు.

క్లాస్‌మేట్స్ నలుగురు, బాబాయ్ కొడుకు, గేమ్స్ ఆడని అక్క ఒకరు, షాపులో కూర్చునే పెద్దాయన ఒకరు, ఇట్లా కలపండి. రెండు జీబీ ర్యామ్ ఫోన్ ఉన్నవాళ్లు ఇద్దరైనా ఉండాలి. "బాగుందా?" అని అడగొద్దు, మన దగ్గర ఎవరూ మొహం మీద బాలేదు అనరు, మర్యాద అడ్డొస్తుంది. "ఎక్కడ ఆపేయాలనిపించింది?" అని అడగండి. ఆడుతున్నప్పుడు పక్కనుంచి "అది కాదు, ఇది నొక్కు" అని చెప్పొద్దు. రేపు గేమ్ వేల ఫోన్లలో ఉంటే ప్రతి ఫోన్ పక్కనా మీరు నిలబడరు. మొదటి తెరమీదే "ఇది ఇంకా పూర్తి కాలేదు" అని తెలుగులో రాయండి.

రసెల్ దగ్గర రెండు ఓడలే ఉన్నాయి, క్రౌథర్ దగ్గర కొన్ని గుహలే ఉన్నాయి, మిన్ లీ దగ్గర బాంబ్ కూడా లేదు. వాళ్లు చూపించింది అంతే. మీ దగ్గర ఒక్క లెవెల్ నడుస్తోందంటే చాలు. ఈ ఆదివారం ఒక్కరి చేతిలో పెట్టండి, నోరు మూసుకుని వాళ్ల బొటనవేలు చూడండి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.